ప్రయాణ ఛాయాచిత్రాలు: ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్ నిల్వ, పంపిణీ, ముద్రణ

విహారయాత్రల్లో సొంతంగా తీసుకున్న ఫొటోలను దాచుకోవడం, అయినవాళ్లకు చూపించడం, నచ్చినవాటిని కాగితం మీద వేయించుకోవడం అనే మూడు పనులూ ఫిల్ము రోజుల్లో ఒకే దుకాణంతో తెమిలిపోయేవి. రీలు కడగడానికిస్తే నెగెటివులూ ప్రింట్లూ ఒకే కవరులో చేతికొచ్చేవి. నెగెటివులు బీరువాలోకి, ప్రింట్లు ఆల్బంలోకి చేరేవి; ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీతోపాటు ఆ ఆల్బం కూడా అందేది. డిజిటల్ కెమెరా, దాని వెనుకే స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఈ మూడూ మూడు వేరు వేరు వ్యాపారాలయ్యాయి. నిల్వ ఒక కంపెనీది, పంపిణీ మరొకరిది, ముద్రణ ఇంకెవరిదో.

ఈ మార్పును గమనించడానికి ఆస్ట్రేలియా అనువైన చోటు. ఖండమంత దేశం, తీరం వెంబడి ఒదిగిన జనం, మధ్యలో వందల కిలోమీటర్ల పొడవున సిగ్నల్ అందని నేల. సామాన్య యాత్రికుడి ఫొటోను జాతీయ గ్రంథాలయమే అడిగి తీసుకున్న దేశమిది. తీయకూడని చోట్లు, తీసినా నలుగురికీ చూపకూడని చోట్లు ఉన్న దేశం కూడా ఇదే. ఇక్కడి అనుభవాన్ని వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఏ కంపెనీ దగ్గర దాచామన్నది ఫొటో ఆయుష్షును పెద్దగా నిర్ణయించలేదు. దానితో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరం ఉందా, ఒకరికంటె ఎక్కువమంది చేతుల్లో ఉందా అన్నవే నిర్ణయించాయి.

పూర్వరంగం

ఆస్ట్రేలియాలో తొలి ఫొటో 1841లో సిడ్నీలో తీశారు, అది మిగల్లేదు. మిగిలినవాటిలో అన్నిటికంటె పాతదిగా చెప్పేది 1845 ప్రాంతంలో జార్జ్ గుడ్‌మన్ తీసిన డాక్టర్ విలియం బ్లాండ్ చిత్రం. అది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది.

ఊరూరా తిరుగుతూ తీసిన ఫొటోలు ఎలా బతుకుతాయో, ఎలా మరుగున పడతాయో చెప్పే కథ హోల్టర్‌మన్ సంగ్రహానిది. 1870ల తొలి సంవత్సరాల్లో బొఫాయ్ మెర్లిన్, అతని సహాయకుడు చార్లెస్ బేలిస్ హిల్ ఎండ్, గుల్గాంగ్ అనే బంగారు గనుల ఊళ్లలో తిరుగుతూ ప్రతి దుకాణం ముందూ, ప్రతి ఇంటి ముందూ యజమానులను నిలబెట్టి గాజు పలకల మీద ఫొటోలు తీశారు. హిల్ ఎండ్ గనిలో ధనవంతుడైన జర్మన్ వలసదారు బెర్న్‌హార్ట్ హోల్టర్‌మన్ వీరికి అండగా నిలిచి, ఆస్ట్రేలియా ఎలా ఉంటుందో విదేశాలకు చూపించాలని డబ్బు పోశాడు. 1875లో సిడ్నీలోని తన ఇంటి బురుజు మీది నుంచి రేవు మొత్తాన్ని అప్పటికి లోకంలోకెల్లా పెద్దవైన గాజు నెగెటివుల మీద తీయించి, ఆ చిత్రాలను 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనకు పట్టుకెళ్లాడు. ఆ తర్వాత పలకలన్నీ జనం మరచిపోయారు. 1951లో సిడ్నీ శివారు చాట్స్‌వుడ్‌లో ఒక పెరటి పాకలో సుమారు 3,500 పలకలు పెట్టెల్లో పేర్చినవి పేర్చినట్టే దొరికాయి. 2013లో వాటికి యునెస్కో ప్రపంచ స్మృతి కార్యక్రమం కింద ఉన్న ఆస్ట్రేలియా పట్టికలో చోటు దక్కింది. పాకలో పడి ఉన్నా అవి బతకడానికి కారణం గాజు. ఆ పలకను చూడటానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, వెలుతురు చాలు.

ఫిల్ము తయారీలోనూ ఈ దేశానికి సొంత చరిత్ర ఉంది. మెల్‌బోర్న్ శివారు ఆబట్స్‌ఫర్డ్‌లో థామస్ బేకర్ 1880లలో డ్రై ప్లేట్ల తయారీ మొదలుపెట్టాడు. ఆయన స్థాపించిన బేకర్ అండ్ రౌస్ సంస్థ 1908లో కోడక్‌తో కలిసిపోయింది. ఆ కర్మాగారం తర్వాత కోబర్గ్‌కు మారి, దేశం మొత్తానికి ఫిల్మూ కాగితమూ అందించింది. ఇరవయ్యో శతాబ్దం నడుమ ఆస్ట్రేలియా ఇళ్లలో ‘స్లైడ్ నైట్’ ఒక ఆచారం. సెలవుల నుంచి తిరిగొచ్చిన కుటుంబం ఇరుగుపొరుగును పిలిచి, హాల్లో దీపాలార్పి, గోడమీద రంగు స్లైడ్లు వేసి చూపించేది. సిడ్నీలో జాక్ హానెస్ పెట్టిన హానిమెక్స్ కంపెనీ ప్రొజెక్టర్లు దీనికి పేరుపొందాయి. చూడటానికి పిలిచినవాళ్లకు లేచిపోయే దారి ఉండేది కాదని ఆ రోజుల హాస్యం చాలా ఉంది. ఇప్పటి కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ ఇబ్బంది పూర్తిగా పోలేదు.

కోబర్గ్ కర్మాగారం 2004లో మూతపడింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కెనడాలోని వాంకూవర్‌లో ఫొటోలు పంచుకునే వెబ్‌సైటు ఫ్లికర్ మొదలైంది.

ఆన్‌లైన్ నిల్వ

ఆస్ట్రేలియాకు అంతర్జాలంతో శాశ్వత అనుసంధానం 1989 జూన్‌లో, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి హవాయికి వేసిన లంకెతో ఏర్పడింది. ఫొటోలు దాచే సేవలు మాత్రం 1990ల చివరిదాకా రాలేదు. అమెరికాలో 1999లో పుట్టిన ఓఫోటో, స్నాప్‌ఫిష్ వంటివి నిల్వను ప్రింట్ల అమ్మకానికి ఎరగా వాడాయి: ఫొటోలు ఉచితంగా దాచుకోండి, ప్రింట్లు మా దగ్గరే కొనండి అన్నది వాటి పద్ధతి. ఓఫోటోను కోడక్ 2001లో కొని, తర్వాత తన పేరు పెట్టుకుంది, 2012లో ఆ సేవను మూసేసింది. గూగుల్ తన పికాసాను 2016లో ఆపేసింది. ఫ్లికర్ 2005లో యాహూ చేతికి, 2018లో స్మగ్‌మగ్ చేతికి వెళ్లింది. ఉచిత ఖాతాకు అంతకుముందు ఇచ్చిన ఒక టెరాబైటు స్థలాన్ని తీసేసి 1,000 ఫొటోలకు పరిమితం చేసింది. 2015లో వచ్చిన గూగుల్ ఫొటోస్ కాస్త కుదించిన చిత్రాలను ఎన్నైనా ఉచితంగా దాచుకోనిచ్చి, 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు ఎత్తేసింది. ఇప్పుడు మెయిలు, ఫైళ్లు, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీలే ఉచితం. ఆపిల్ ఐక్లౌడ్‌లో ఉచిత స్థలం 5 జీబీలు. ఉచితం అన్నది ఈ వ్యాపారంలో ఎప్పుడూ గడువున్న మాటే.

ఆస్ట్రేలియాలో అసలు ఇబ్బంది స్థలం దగ్గరకంటె దారి దగ్గర ఉండేది. ఇంటర్నెట్ పథకాల్లో దిగుమతి వేగాన్ని ఘనంగా ప్రకటిస్తారు, ఎగుమతి వేగం అందులో చిన్న వాటా. ఒక్కొక్కటి 4 ఎంబీ ఉన్న వెయ్యి ఫొటోలంటే 4 జీబీలు. పాత టెలిఫోన్ తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్‌లో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున అవి పైకి ఎక్కడానికి దాదాపు తొమ్మిది గంటలు పట్టేది. 2009 నుంచి ప్రభుత్వం నిర్మించిన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ వ్యవస్థ, అంటే జనం నోట ఎన్‌బీఎన్, వచ్చాక 20 మెగాబిట్ల ఎగుమతి ఉన్న పథకంలో అదే పని అరగంటలోపు అయిపోతుంది. నగరాల్లో అది. మొబైల్ సిగ్నల్ దేశ జనాభాలో 99 శాతానికి అందుతుందన్న ప్రకటన నిజమే కాని, నేల లెక్కన చూస్తే మూడింట ఒక వంతుకే అందుతుంది. నల్లార్‌బార్ మైదానంలోనో, కింబర్లీలో గిబ్ రివర్ రోడ్డు మీదో వెళ్లే యాత్రికుడికి కొన్ని రోజులపాటు క్లౌడ్ లేనట్టే. అక్కడ ఫోను పోతే ఫొటోలూ పోతాయి. అందుకే లోపలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు చిన్న హార్డ్ డిస్కు ఒకటి, అదనపు మెమరీ కార్డులు కొన్ని పట్టుకెళ్తారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో అనే సూత్రం ఫొటోగ్రాఫర్లలో ప్రచారంలో ఉంది. మామూలు కుటుంబానికి ఫోను, క్లౌడ్, ఇంట్లో ఒక డిస్కు అని అర్థం చెప్పుకుంటే చాలు.

దాచిన ఫొటో మళ్లీ దొరకాలంటే దానికి అంటుకున్న వివరం ముఖ్యం. కెమెరా ప్రతి చిత్రంలోనూ తేదీ, సమయం, లెన్సు వివరాలు, ఫోనైతే చాలాసార్లు అక్షాంశ రేఖాంశాలు కూడా రాస్తుంది. ఇండియా నుంచి వెళ్లినవాళ్ల కెమెరాల్లో గడియారం మన సమయంలోనే ఉండిపోవడం మామూలు. ఆస్ట్రేలియాలో అంతా ఒకే సమయం కూడా కాదు. పెర్త్ మనకంటె రెండున్నర గంటలు, బ్రిస్బేన్ నాలుగున్నర గంటలు ముందుంటాయి. సిడ్నీ, మెల్‌బోర్న్ వేసవిలో గడియారం జరుపుకుని అయిదున్నర గంటలు ముందుకెళ్తాయి, పక్కనే ఉన్న క్వీన్స్‌లాండ్ జరుపుకోదు. ఫలితంగా సిడ్నీ హార్బర్ బ్రిడ్జి మీద కొత్త సంవత్సరం అర్ధరాత్రి పేలిన బాణసంచా, భారత సమయంలో ఉన్న కెమెరాలో డిసెంబరు 31 సాయంత్రం ఆరున్నరకు తీసినట్టు నమోదవుతుంది. ఫోను తనంత తాను సమయం మార్చుకుంటుంది, కెమెరా మార్చుకోదు. రెండింటి ఫొటోలూ ఒకే ఆల్బంలో వేస్తే బాణసంచా ముందు, సూర్యాస్తమయం తర్వాత వస్తాయి. అలా తప్పు సమయం పడిన చిత్రాలన్నిటినీ ఒకేసారి ఎంచి, గంటలు జరిపే సదుపాయం చాలా ఫొటో సాఫ్ట్‌వేర్లలో ఉంది. అచ్చుకు పంపే ముందు చేయవలసిన పని ఇది.

గ్రంథాలయాలు, మ్యూజియంలు

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2000లో ‘పిక్చర్ ఆస్ట్రేలియా’ అనే సేవను ప్రారంభించి, వేరు వేరు సంస్థల చిత్ర సంగ్రహాలను ఒకే చోట వెతుక్కునే వీలు కల్పించింది. అందులో పాత చిత్రాలు దండిగా ఉన్నాయి కాని, నిన్నా మొన్నటి ఆస్ట్రేలియా కనబడేది కాదు. 2006 జనవరిలో గ్రంథాలయం ఫ్లికర్‌తో చేయి కలిపింది. పౌరులు తమ ఫొటోలను ఫ్లికర్‌లోని నిర్ణీత సమూహంలో చేర్చితే, వాటి వివరాలను గ్రంథాలయం తన సూచికలోకి లాక్కునేది. సెలవు రోజు వాహ్యాళిలో తీసిన ఫొటో, వందేళ్లనాటి గాజు పలక ఒకే వెతుకులాటలో పక్కపక్కన కనిపించాయి. జాతీయ గ్రంథాలయం ఒకటి సామాన్యుల ఫొటో ఖాతాలను ఇంత నేరుగా తనలో కలుపుకోవడం ఆ రోజుల్లో సాహసమే. పిక్చర్ ఆస్ట్రేలియా 2012లో ‘ట్రోవ్’ అనే పెద్ద సూచికలో కలిసిపోయింది. ట్రోవ్ 2009 నుంచి నడుస్తోంది.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. బొమ్మ ఫ్లికర్‌లోనే ఉంటుంది, సూచిక మాత్రం గ్రంథాలయంలో ఉంటుంది. యజమాని ఖాతా మూసేసుకుంటే సూచికలో మిగిలేది ఖాళీ లంకె. ఫ్లికర్ 1,000 ఫొటోల పరిమితి పెట్టినప్పుడు ఈ భయం లోకమంతటా మొదలైంది; అప్పటికే క్రియేటివ్ కామన్స్ అనుమతితో పెట్టిన చిత్రాలను తొలగించబోమని కంపెనీ హామీ ఇచ్చాక కొంత తగ్గింది. పదిమందికీ వాడుకునే అనుమతి ఇచ్చినవి నిలిచాయి, ‘నావి మాత్రమే’ అని అట్టే పెట్టుకున్నవి కత్తెరకు ఎదురయ్యాయి.

వ్యతిరేక దిశలోనూ రాకపోకలు సాగాయి. సిడ్నీలోని పవర్‌హౌస్ మ్యూజియం 2008 ఏప్రిల్‌లో, సంస్థలు తమ పాత చిత్రాలు పెట్టే ఫ్లికర్ కామన్స్ విభాగంలో చేరింది. మ్యూజియంలలో అదే మొదటిది, దానికంటె ముందు చేరింది అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమే. మ్యూజియం తన టిరెల్ సంగ్రహంలోని పాత గాజు పలకల చిత్రాలను పెడితే, చూసినవాళ్లు అది ఏ వీధో, ఆ కట్టడం ఇప్పుడు ఏమైందో చెప్పి, పటంలో చోటు గుర్తించారు. సంస్థ దగ్గర బొమ్మ ఉంది, ఊరివాళ్ల దగ్గర వివరం ఉంది. రెండూ కలిశాయి.

ప్రజా సంస్థలు శాశ్వతమనుకోవడానికీ లేదు. ట్రోవ్‌కు 2023 జూన్ తర్వాత నిధులు లేవన్న పరిస్థితి వచ్చి, పాఠకులూ పరిశోధకులూ గొడవ చేశాక, ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం నాలుగేళ్లకు 3.3 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ప్రకటించింది. 2016 ఫిబ్రవరి నుంచి డిజిటల్ ప్రచురణలను కూడా జాతీయ గ్రంథాలయానికి సమర్పించాలన్న చట్టం ఉన్నా, తాళం వేసిన వ్యక్తిగత ఆల్బం ప్రచురణ కిందికి రాదు. అది యజమాని పూచీ.

శాస్త్రానికి అక్కరకొచ్చిన విహార చిత్రాలు

పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో నింగలూ అనే పగడాల దిబ్బ దగ్గరకు ప్రతి ఏటా మార్చి నుంచి తిమింగల సొరచేపలు వస్తాయి. చేపల్లోకెల్లా పెద్దది ఇదే. మనిషి జోలికి రాదు. దాని పక్కన ఈదడానికి పర్యాటకులు ఎక్స్‌మౌత్, కోరల్ బే నుంచి పడవల్లో వెళ్తారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ చేప ఒంటి మీది తెల్ల మచ్చల అమరిక ఒక్కో చేపకు ఒక్కో రకం; మన వేలిముద్రలా మారదు. జీవశాస్త్రవేత్త బ్రాడ్ నార్మన్ 1990లలో ఈ మచ్చల ఆధారంగా చేపలను గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. వందల ఫొటోలను కంటితో పోల్చడం సాగే పని కాదు. నార్మన్‌తో కలిసిన జేసన్ హోంబర్గ్, ఖగోళ శాస్త్రవేత్త జావెన్ అర్జుమానియన్ నక్షత్రాల పటాలను సరిపోల్చే గణిత పద్ధతిని మచ్చలకు అన్వయించారు. ఆ పరిశోధన 2005లో ప్రచురితమైంది. మొప్పల చీలికల వెనుక, ఈత రెక్కకు పైన ఉన్న భాగం స్పష్టంగా పడితే చాలు, మచ్చల మధ్య త్రిభుజాలు లెక్కగట్టి ఈ చేప ఇంతకుముందు ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో కంప్యూటరు చెబుతుంది. యాత్రికులు అప్‌లోడ్ చేసిన ఫొటోలే ఈ గుర్తింపు పనికి ముడిసరుకు. ఇప్పుడు ఇది అనేక దేశాల చిత్రాలతో నడుస్తోంది. నింగలూ తీరం 2011లో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

సిడ్నీ బీచ్‌లలో 2017లో మొదలైన కోస్ట్‌స్నాప్ మరో ఉదాహరణ. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం, అక్కడి విశ్వవిద్యాలయ జల పరిశోధనశాల కలిసి మాన్లీ, నారబీన్‌ల దగ్గర సముద్రానికి ఎదురుగా ఫోను ఆనించడానికి ఉక్కు ఊయలొకటి బిగించారు. నడకకొచ్చినవాళ్లు ఫోను అందులో పెట్టి ఒక ఫొటో తీసి పంపితే, ప్రతి చిత్రమూ ఒకే కోణంలో ఉంటుంది కాబట్టి తీరరేఖ ముందుకొచ్చిందా వెనక్కి పోయిందా కొలవవచ్చు. తీసిన నిమిషం కచ్చితంగా తెలియాలి. ఆటుపోట్లను బట్టి నీటి గీత మారుతుంది, సమయం తెలియని ఫొటో ఈ లెక్కకు పనికిరాదు. ఈ పద్ధతిని తర్వాత చాలా దేశాలు తీసుకున్నాయి.

విక్టోరియా తీరంలో గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ‘ట్వెల్వ్ అపోస్టల్స్’ అనే సున్నపురాతి స్తంభాల దగ్గర ఫొటో దిగని యాత్రికుడు ఉండడు. పేరుకు పన్నెండే కాని అవి ఎప్పుడూ అన్ని లేవు. 2005 జులైలో ఒకటి కూలి ఎనిమిది మిగిలాయి. కాస్త అవతల ‘లండన్ బ్రిడ్జి’ అనే సహజ వంతెన 1990 జనవరి 15న తెగిపడి, ఇద్దరు పర్యాటకులు అవతలి ముక్క మీద చిక్కుకుంటే హెలికాప్టరులో దించారు. అంతకుముందు ఆ వంతెన మీద నిలబడి తీయించుకున్న కుటుంబ ఫొటోలన్నీ ఇప్పుడు భూగర్భ శాస్త్ర సాక్ష్యాలు.

పంచుకోవడం, పర్యవసానాలు

ఫొటోలు పంచుకోవడాన్నే ఉద్యోగంగా మలిచి ప్రచారం చేసుకున్న ఘనత క్వీన్స్‌లాండ్ పర్యాటక శాఖది. 2009లో ‘ప్రపంచంలోకెల్లా మంచి ఉద్యోగం’ అని ప్రకటన ఇచ్చింది: హామిల్టన్ ద్వీపంలో ఆరు నెలలు ఉండాలి, చుట్టుపక్కల ద్వీపాలు తిరగాలి, ఫొటోలూ వీడియోలూ కబుర్లూ ఆన్‌లైన్‌లో పెట్టాలి; జీతం లక్షా యాభై వేల డాలర్లు. 34,000 మందికి పైగా దరఖాస్తు చేశారు. బ్రిటన్‌కు చెందిన బెన్ సౌతాల్‌కు దక్కింది. ఇప్పుడు అదే పనిని లక్షలమంది జీతం లేకుండా చేస్తున్నారు. పెర్త్ దగ్గరి రాట్‌నెస్ట్ ద్వీపంలో నవ్వినట్టు కనిపించే క్వోకా అనే చిన్న జంతువుతో సెల్ఫీ దిగడం అలా పుట్టిన వేడుకే. టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ 2017 చివర్లో దిగిన సెల్ఫీ దాన్ని ఇంకా పెంచింది. క్వోకాను తాకడం, దానికి తిండి పెట్టడం అక్కడ నేరం. అది తనంత తాను దగ్గరకొస్తే దిగవచ్చు.

అన్నీ ఇంత ముచ్చటగా ముగియలేదు. సిడ్నీకి దక్షిణాన రాయల్ నేషనల్ పార్కులో సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన తెల్లని బండ ఉంది, పేరు వెడ్డింగ్ కేక్ రాక్. సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు చూసి జనం విరగబడ్డారు. ఆ బండ ఎప్పుడైనా విరిగి పడవచ్చని నిపుణులు తేల్చడంతో 2015లో కంచె వేశారు; కంచె దాటి ఫొటోలు దిగినవాళ్లకు జరిమానాలు పడ్డాయి. అదే పార్కులోని ఫిగర్ ఎయిట్ పూల్స్‌లో అలలు ఈడ్చి కొట్టి జనం గాయపడ్డారు. ఫొటోలో చోటు ఉంటుంది, అల వచ్చే వేళ ఉండదు.

ఉలురు సంగతి వేరు. దేశం నడిబొడ్డున ఉన్న ఆ ఎర్రరాతి కొండ అనాంగు ప్రజలది. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం వాళ్లకు తిరిగి అప్పగించింది. సరిగ్గా 34 ఏళ్లకు, 2019 అక్టోబరు 26న కొండ ఎక్కడం శాశ్వతంగా ఆగిపోయింది. కొండ చుట్టూ నడిచే దారిలో కొన్ని చోట్ల ఫొటోలు తీయవద్దని బోర్డులుంటాయి. ఆ రాతి గీతలూ గుహలూ అనాంగులకు పవిత్ర గ్రంథం వంటివి; కొన్ని మగవాళ్లే, కొన్ని ఆడవాళ్లే చూడదగ్గవి; అదీ అక్కడికి వెళ్లే చూడాలి. గర్భగుడిలో మూలవిరాట్టును ఫొటో తీయనివ్వని సంప్రదాయంలో పెరిగిన తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. 2020లో ఆస్ట్రేలియా పార్కుల శాఖ కోరితే, కొండ శిఖరం మీద యాత్రికులు తీసిన చిత్రాలను గూగుల్ తన వీధి దృశ్యాల నుంచి తొలగించింది. చనిపోయిన ఆదివాసీల ఫొటోలు ఉండవచ్చన్న హెచ్చరికను ఆస్ట్రేలియా గ్రంథాలయాలు, టీవీ ఛానళ్లు ముందే ప్రకటించడం కూడా ఈ గౌరవంలో భాగమే.

డ్రోన్ ఫొటోలకు పౌర విమానయాన భద్రతా సంస్థ నియమాలున్నాయి: నేల నుంచి 120 మీటర్లకు మించి ఎగరకూడదు, మనుషులకు 30 మీటర్ల దూరం ఉండాలి. జాతీయ పార్కుల నియమాలు వీటికి అదనం.

చట్టం

ఆస్ట్రేలియాలో ఫొటో మీద హక్కు తీసినవారిది. 1968 కాపీరైట్ చట్టం ప్రకారం దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తీసినవారి జీవితకాలం, ఆపై 70 ఏళ్లు ఉంటుంది. 1955కు ముందు తీసినవాటికి గడువు తీరిపోయింది. పెళ్లికో కుటుంబ ఫొటోలకో డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవారిదే. కట్టడాలను, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా నిలిపిన శిల్పాలను ఫొటో తీసి పంచుకోవచ్చు. గోడల మీది చిత్రాలకు ఈ మినహాయింపు లేదు: మెల్‌బోర్న్ హోజియర్ లేన్ గోడల ముందు దిగిన ఫొటో ఇంటి ఆల్బంలో ఉంటే ఎవరూ అడగరు, దాన్ని క్యాలెండరుగా వేసి అమ్మితే చిత్రకారుడు అడగవచ్చు.

అసలు చిక్కు ఇప్పుడు యంత్రాలతో వచ్చింది. అంతర్జాలంలోని ముఖాల ఫొటోలను పోగుచేసిన క్లియర్‌వ్యూ ఏఐ ఆస్ట్రేలియన్ల గోప్యతను ఉల్లంఘించిందని సమాచార కమిషనర్ 2021లో తేల్చారు. ఆస్ట్రేలియాలోని పెద్దవాళ్లు 2007 నుంచి బహిరంగంగా పెట్టిన ఫొటోలను తన కృత్రిమ మేధకు శిక్షణగా వాడినట్టు మెటా సంస్థ 2024 సెప్టెంబరులో సెనేట్ విచారణలో ఒప్పుకుంది. యూరప్‌వాసులకు ఇచ్చిన ‘వద్దు’ అనే వీలు ఇక్కడివాళ్లకు ఇవ్వలేదు. 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమలవుతోంది. పిల్లల ఫొటోలను తల్లిదండ్రులు పెట్టడాన్ని మాత్రం అది ఆపదు.

ముద్రణ

ఊరికో ఫొటో ల్యాబు ఉండే రోజులు పోయినా ఆస్ట్రేలియాలో ప్రింట్లు వేయించుకోవడం తేలికే. ఆఫీస్‌వర్క్స్, హార్వే నార్మన్, బిగ్ డబ్ల్యూ వంటి పెద్ద దుకాణాల యాప్‌లో ఫొటోలు ఎక్కించి, దగ్గరి శాఖలో తీసుకోవచ్చు, లేదా ఇంటికి తెప్పించుకోవచ్చు. మొమెంటో వంటి కంపెనీలు ఫొటో పుస్తకాలు కట్టి ఇస్తాయి. సొంత ఫొటోతో తపాలా బిళ్లలు వేసే పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది కూడా ఆస్ట్రేలియా తపాలా సంస్థే, 1999లో మెల్‌బోర్న్ స్టాంపుల ప్రదర్శనలో.

ప్రింటు చేతికొచ్చాక నిరాశ కలిగించేవి సాధారణంగా మూడే. ఒకటి, కొలత. అందరూ అడిగే సైజు 6×4 అంగుళాలు. ఫోను తీసే చిత్రం నిష్పత్తి 4:3. వెడల్పును 6 అంగుళాలకు సరిపెడితే ఎత్తు నాలుగున్నర వస్తుంది. ఆ అర అంగుళాన్ని, అంటే బొమ్మలో తొమ్మిదో వంతును, యంత్రం కోసేస్తుంది. హార్బర్ బ్రిడ్జి కమాను పైన జెండాలు, ముందు వరుసలో కూర్చున్నవాళ్ల పాదాలు పోయేది ఇక్కడే. ఆర్డరు పెట్టేటప్పుడు కోత గీతను జరుపుకోవచ్చు, లేదా అంచు తెల్లగా వదలమని చెప్పవచ్చు. రెండు, రంగు. ఫోను తెర లోపలి నుంచి వెలుగుతుంది, కాగితం పైనుంచి పడిన వెలుగును తిప్పి పంపుతుంది. పైగా కొత్త ఫోన్లు చూపే గాఢమైన ఎరుపులు కొన్ని ల్యాబుల కాగితం మీద పడవు. ఉలురు సాయంకాలపు నిప్పు రంగు ఇటుక రంగుగా దిగిపోవడం అందుకే. తెర వెలుతురు సగానికి తగ్గించి చూసి, ఫొటోను కాస్త ప్రకాశవంతం చేసి పంపితే మేలు. మూడోది పిక్సెళ్లు, దాని సంగతి కింద.

కాగితం రకాన్ని బట్టి ఆయుష్షు మారుతుంది. వెండి లవణాల కాగితం మీద రసాయనాలతో తేల్చే ప్రింటు, దుకాణం కియోస్కులో వేడితో రంగు ఎక్కించే ప్రింటు, ఇంకుజెట్ ప్రింటు చూడటానికి ఒకేలా ఉన్నా ఎండ తగిలితే వేరు వేరు వేగాల్లో వెలిసిపోతాయి. తడిసినంత మాత్రాన పోయినట్టు కాదు. వరద నీటిలో తడిసిన ఫొటోలను ఒకదానికొకటి అంటుకుని ఎండిపోనివ్వకుండా, చల్లని శుభ్రమైన నీళ్లలో కడిగి ఆరబెట్టమని, తీరిక లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టమని సంరక్షకులు చెబుతారు. వరదలూ కార్చిచ్చులూ తరచూ వచ్చే దేశంలో ఇది ఉత్తుత్తి సలహా కాదు.

తెలుగు కుటుంబాల్లో

2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 50 వేలు దాటారు. పిల్లల దగ్గరకు వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లే అమ్మానాన్నలు, అత్తమామలు ఈ ఫొటోలకు ముఖ్య కథానాయకులు. సిడ్నీవాళ్లు వాళ్లను హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లి, దర్శనమయ్యాక పులిహోర తిని, అక్కడి నుంచి సముద్రం మీదుగా వంపు తిరిగిన సీ క్లిఫ్ బ్రిడ్జి దాకా వెళ్లి ఫొటోలు దిగుతారు. ఆ రాత్రికే అవి ఊళ్లోని పెద్దమ్మకూ బాబాయికీ వాట్సాప్‌లో చేరిపోతాయి.

చిక్కంతా ఆ వాట్సాప్‌తోనే. మామూలుగా పంపితే అది ఫొటోను పొడుగు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు కుదిస్తుంది, తీసిన చోటు, సమయం చెరిపేస్తుంది. 6×4 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 1,800 పిక్సెళ్లు కావాలి. 1,600తో సరిపెట్టుకోవచ్చు, తేడా కంటికి ఆనదు. అదే ఫొటోను గోడకు తగిలించే పెద్ద సైజులోనో, ఊళ్లోని స్టూడియోలో కరిజ్మా ఆల్బంలో పేజీ నిండానో వేయిస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా వస్తాయి. స్టూడియోవాళ్లు ‘ఒరిజినల్ పంపండి’ అని అడిగేది అందుకే. 2023 ఆగస్టులో వాట్సాప్ హెచ్‌డీ మీట పెట్టింది. దానికంటె ఫొటోను డాక్యుమెంటుగా పంపడమో, క్లౌడ్ ఆల్బం లంకె ఇవ్వడమో మేలు. డాక్యుమెంటుగా పంపితే తేదీ, చోటు కూడా చెక్కుచెదరకుండా వెళ్తాయి. ఇంటి చిరునామా తెలియకూడదనుకునే ఫొటోకు మాత్రం అదే కీడు.

వారసత్వం

ఖాతాదారు పోయాక ఫొటోలు ఎవరివన్నది ఆస్ట్రేలియాలో ఇంకా తేలని ప్రశ్న. హక్కు వీలునామా ద్వారా వారసులకు వచ్చినా, ఖాతా తలుపు తెరవడం కంపెనీ నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది. న్యూ సౌత్ వేల్స్ న్యాయ సంస్కరణల కమిషన్ దీన్ని పరిశీలించి, మరణించినవారి లేదా అశక్తులైనవారి డిజిటల్ రికార్డులను అధీకృత వ్యక్తి చూడగలిగేలా చట్టం చేయాలని 2019లో సిఫారసు చేసింది. కంపెనీలు తమ ఏర్పాట్లు తాము చేశాయి: నిర్ణీత కాలం ఖాతా కదలకపోతే ఫలానా వారికి ఫొటోలు ఇవ్వండని ముందే చెప్పుకునే వీలు గూగుల్‌లో 2013 నుంచి, వారసుడిని నమోదు చేసుకునే వీలు ఆపిల్‌లో 2021 చివరి నుంచి ఉన్నాయి. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫొటోలతో సహా, గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది.